ఆ తీర్మానంలో ‘ఏకగ్రీవంగా’ అన్న మాట కొట్టివేయండి

పటమట, విజయవాడ

మా అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, కార్యవర్గ సభ్యులకు, ఇరుగుపొరుగు వారందరికీ నమస్కారాలు.

ఈ ఉత్తరానికి కారణం ఒక్క మాట. కార్తీక పౌర్ణమికి ముందు ఆదివారం మన సెల్లారులో జరిగిన సమావేశం గురించి తీర్మానాల పుస్తకంలో ఇలా ఉంది: ‘వాచ్‌మన్‌ను తక్షణం పనిలోంచి తొలగించాలని హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.’ కింద పద్నాలుగు సంతకాలున్నాయి. ఆరోది నాది. సంతకం నిజమే, ఏకగ్రీవమే అబద్ధం. ఆ మాట కొట్టివేసి, మూడో అంతస్తులో ఉండే ఈ ముసలావిడ అప్పుడు నోరు విప్పలేదని, ఇప్పుడు విభేదిస్తోందని పక్కన రాయమని కోరుతున్నాను.

మన వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా బహిరంగంగా రాయడం ఎందుకని అడుగుతారు. గ్రూపులో పెడితే రెండు నిమిషాలకు ఎవరి మనవడిదో పుట్టినరోజు కేకు వచ్చి దాని మీద పడుతుంది. పైగా ఇది మన ఒక్క సెల్లారు సంగతి కాదు. మొగల్రాజపురంలో, భవానీపురంలో, గుణదలలో ఉంటున్న నా పాత విద్యార్థులు ఫోన్ చేసినప్పుడు చెప్పే ఆదివారాలు కూడా ఇలాగే ఉంటున్నాయి. అక్కడ నీళ్ల ట్యాంకరు గురించో అద్దెకు వచ్చిన కుర్రాళ్ల గురించో తగాదా. మనకు పోయిన గొలుసు, దాన్ని వాచ్‌మనే తీశాడన్న ఆరోపణ.

ఆ రోజు చెప్పవలసింది ముందు చెప్పేస్తాను. శనివారం సాయంత్రం నాలుగో అంతస్తు వారు కృష్ణ ఒడ్డున దీపాలు వదలడానికి ఆరింటికి బయలుదేరారు. ఏడున్నరకు తిరిగి వచ్చేసరికి బీరువాలో గొలుసు లేదు. ఆ లెక్క వారు చెప్పినదే. నేను ఆరు కొట్టకముందే వాచ్‌మన్‌ను మా ఇంటికి పిలిచాను. మా అటక మీద ఇత్తడి కుందులు, పళ్లేలు, మా అత్తగారి కాలం నాటి గంగాళం ఉన్నాయి. అతను స్టూలెక్కి ఒక్కొక్కటిగా అందించాడు. అతని భార్య వంటింటి గట్టు పక్కన కూర్చుని చింతపండు పులుసుతో వాటిని తోమింది. ఏడుంపావుకు ఇద్దరికీ కాఫీ ఇచ్చాను. లోపల కూర్చోమన్నా వినకుండా అతను గుమ్మం బయటే నిలబడి తాగాడు. అంటే ఆ గంటన్నరలో గంటంపావు ఆ ఇద్దరూ నా కళ్ల ముందే ఉన్నారు. గొలుసు ఎవరు తీశారో నాకు తెలియదు. తీశారో, ఎక్కడైనా పెట్టి మరిచారో కూడా తెలియదు. నాకు తెలిసిందల్లా మా అటక, ఆ స్టూలు.

ఇది చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. గంటన్నర నడిచిన సమావేశంలో ఆ నిమిషం నేను వాడుకోలేకపోయాను. అవకాశం ఇవ్వలేదని అనను. ‘ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి’ అని కార్యదర్శిగారు రెండుసార్లు అడిగారు. ‘నేను పని మీద పైన ఉన్నానండీ’ అని అతను అననే అన్నాడు. ‘పైనే కదా, మేమూ అదే అంటున్నాం’ అని ఎవరో అందుకున్నారు, కొందరు నవ్వారు. అప్పుడు అతను నా వైపు ఒక్కసారి చూశాడు. నా పేరు చెప్పలేదు. నేను చెప్తానని అనుకున్నాడేమో. నా నాలుక పిడచకట్టుకుపోయింది. కుర్చీ చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఇంటికి వచ్చాక చూసుకుంటే అరచేతిలో గీత పడి ఉంది.

గీతలంటే గుర్తొచ్చింది. ఇరవై ఏడేళ్లు బి.ఎడ్. విద్యార్థులకు మనోవిజ్ఞాన శాస్త్రం బోధించాను. అందులో నాకు బాగా ఇష్టమైన పాఠం సోలమన్ ఆష్ గీతల ప్రయోగం. 1950లలో అమెరికాలో ఆయన ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు చూపించి, మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పమనేవాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగినదే. ఒంటరిగా అడిగితే జవాబుల్లో నూటికి ఒకటి కూడా తప్పిపోదు. గదిలో ఉన్నవారిలో ఒక్కరు తప్ప మిగిలినవారంతా ఆయన మనుషులే. వారు వరసగా తప్పు చెబుతారు. ఆ ఒక్కరి వంతు చివర వస్తుంది. మొత్తం 123 మందిని అలా కూర్చోబెట్టి చూస్తే, గుంపు తప్పు చెప్పిన సందర్భాల్లో మూడింట ఒక వంతుకు పైగా జవాబులు గుంపు వైపే ఒరిగాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగిపోయారు.

నేను ఏటా తరగతిలో దీన్ని ఆడించేదాన్ని. ఒక అమ్మాయిని ఏదో పని చెప్పి బయటికి పంపి, మిగిలినవారితో ఒప్పందం చేసుకుని, నల్లబల్ల మీద సుద్దతో గీతలు గీసేదాన్ని. ఆ అమ్మాయి వచ్చి బల్లనూ, తోటివారినీ మార్చి మార్చి చూసేది. చెవులు ఎర్రబడేవి. చివరికి అందరూ చెప్పిందే తనూ చెప్పేది. అసలు సంగతి తెలిశాక తరగతంతా గొల్లున నవ్వేది. ఒకటి రెండుసార్లు ఆ అమ్మాయి ఏడ్చేసింది. నేను ఓదార్చి, పాఠంలోకి వెళ్లి, శాతాలు రాయించాను. ఆ ఏడుపే అసలు పాఠమని అరవై ఎనిమిదేళ్ల వయసులో, రెండు కార్ల మధ్య వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది. నిజం తెలియక కాదు, గీతలు బాగానే కనబడుతున్నాయి. గొంతులో ఏదో అడ్డం పడుతోంది.

ఆ అడ్డం పడ్డది ఏమిటో పదిరోజులుగా విప్పి చూసుకుంటున్నాను. భయం కొంత ఉంది, దాచుకోను. ఒంటరిదాన్ని. పిల్లలు దూరాన ఉన్నారు. లిఫ్టు ఆగిపోయినా, కరెంటు పోయినా, కాలు బెణికినా మీరే నాకు దిక్కు. చివరికి మోయడానికైనా నలుగురు కావాలంటారు, ఆ నలుగురూ మీరే. కానీ భయమొక్కటే అయితే దాన్ని దాటి ఉండేదాన్నేమో. నన్ను కూర్చోబెట్టింది మొహమాటం.

నిరుడు శ్రావణంలో అర్ధరాత్రి నేను తూలి పడిపోతే కారులో ఆసుపత్రికి తీసుకువెళ్లింది ఆ నాలుగో అంతస్తు దంపతులే. తెల్లవారేదాకా ఆమె నా మంచం పక్కన కూర్చుంది. ఆ ఆదివారం ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. గొలుసు వాళ్లమ్మ ఇచ్చినదట. ఆ ఏడుపు మధ్యలో నేను లేచి అతను మా ఇంట్లో ఉన్నాడంటే, నీ లెక్క తప్పమ్మా అని ఆమె మొహాన చెప్పినట్టే అవుతుందని అనిపించింది. పిరికివాడు తనకేమవుతుందోనని ఆగుతాడు. మొహమాటస్తుడు ఎదుటివారి మొహం చిన్నబోతుందేమోనని ఆగుతాడు. అందుకే మొహమాటాన్ని మనం దుర్గుణంగా లెక్కకట్టం, మర్యాద కింద జమ వేస్తాం. నా ఒక్క మర్యాద కోసం ఇంకొకరు మూటాముల్లె సర్దుకోవలసి వచ్చిందన్న సంగతి మాత్రం ఆ ఖాతాలో ఎక్కదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటి మనకుంది. అది ఇక్కడ రాయడానికి కూడా నాకు మొహమాటమే.

ఆమె భర్తకు వచ్చిన కోపాన్ని నేను తప్పుపట్టను. కష్టార్జితం పోయినవారికి కోపం రాకపోతేనే ఆశ్చర్యం. అయితే కోపానికీ భయానికీ మధ్య ఒక తేడా ఉంది. జెన్నిఫర్ లెర్నర్, డాచర్ కెల్ట్‌నర్ అనే పరిశోధకులు 2001లో దాని గురించి రాశారు. భయంలో ఉన్న మనిషికి ప్రతిదీ ప్రమాదంగా కనిపిస్తుంది. కోపంలో ఉన్న మనిషి అదే ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేస్తాడు. రెండూ బాధ కలిగించే భావాలే, చూపు మాత్రం ఎదురెదురు. ఆ రోజు మన సెల్లారులో సరిగ్గా అదే జరిగింది. కోపం వచ్చినవారు కారు బానెట్టు మీద చరిచి మాట్లాడారు. సందేహం వచ్చినవారు తమ చెప్పుల వైపు చూసుకున్నారు. బయటి నుంచి ఎవరైనా చూస్తే, ఇక్కడ ఉన్నది ఒకే అభిప్రాయమని అనుకుంటారు. నిజానికి అక్కడ వినిపించినది ఒకే భావోద్వేగం. నాకూ కోపం వచ్చింది. కాకపోతే రాత్రి పదకొండింటికి, నా మీద నాకే వచ్చింది. అప్పటికి సెల్లారులో వినడానికి ఎవరూ లేరు.

ఇక నన్ను ఈ ఉత్తరం దాకా నడిపించిన సంగతి. సమావేశం ముగిసి లిఫ్టులో పైకి వెళుతున్నప్పుడు మీలో ఒకరు, రెండో అంతస్తు దాటాక, తలుపు వైపు చూస్తూ, ‘అతను తీసి ఉంటాడంటే నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదండీ’ అన్నారు. మర్నాడు పాల ప్యాకెట్ల దగ్గర ఇంకొకరు. తర్వాత నేనే ఏదో వంకన రెండు మూడు ఇళ్లకు వెళ్లాను. మొత్తం ఆరుగురు ఒకే మాట అన్నారు: నమ్మకం కుదరలేదు, అందరూ అంత గట్టిగా ఉంటే నేనొక్కణ్ణి ఎందుకని ఊరుకున్నాను. ఒకావిడైతే, ‘మేడంగారూ, మీరు నోరు తెరిస్తే నేనూ తెరిచేదాన్ని’ అని నన్నే నిష్ఠూరమాడింది. ఆవిడ తెరిస్తే నేను తెరుద్దామని నేను చూశాను మరి. వారి పేర్లు రాయను, చెప్పుకోవడం వారి ఇష్టం. వారు ఆరుగురు, నాతో కలిపి ఏడుగురు. గ్రీవమంటే మెడ కదా. ఏకగ్రీవమని మీరు రాసుకున్న ఆ పద్నాలుగు మెడల్లో ఏడు, ఊపినవి కావు, వంచుకున్నవి.

జర్మనీలో ఎలిజబెత్ నోయెల్-నోయిమన్ అనే ఆవిడ 1974లో దీనికి ‘మౌన సర్పిలం’ అని పేరు పెట్టింది. తన అభిప్రాయం తక్కువమందిదని అనుకున్నవారు మాట్లాడటం తగ్గిస్తారు. వారు మాట్లాడకపోవడంతో అది నిజంగానే తక్కువమందిదిగా కనిపిస్తుంది. దాంతో ఇంకొందరు తగ్గుతారు. అలా చుట్టు మీద చుట్టు. జనం ఏం ఆలోచిస్తున్నారని అడిగి ఆవిడ ఊరుకోలేదు. అయిదు గంటల రైలు ప్రయాణంలో ఎదురుగా కూర్చున్న మనిషి మీకు నచ్చని అభిప్రాయం చెబుతుంటే అతనితో మాట కలుపుతారా అని అడిగింది. అయిదు గంటలంటే మనం ఇక్కడ రైలెక్కి ఇంచుమించు హైదరాబాదు చేరేంత సేపు. ఒంటరి అవుతామన్న భయమే ఈ సర్పిలాన్ని తిప్పుతుందని ఆవిడ వాదన. పాఠం చెప్పే రోజుల్లో నాకు అది కొంచెం అతిగా తోచేది. ఇంత చదువుకున్నవారు అంతలా వెనక్కి తగ్గుతారా అనుకునేదాన్ని.

అందరూ తగ్గరు, నిజమే. కౌరవసభలో పెద్దలంతా తలలు వంచుకున్నప్పుడు, ద్రౌపదిని ఓడటం ధర్మం కాదని వికర్ణుడు లేచి అన్నాడు. చిన్నవాడివి, నీకేం తెలుసని కర్ణుడు కసిరాడు. అంత దూరం వెళ్లక్కరలేదు. మన పటమటలోనే గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది. తన అభిప్రాయాల కోసం కాకినాడలో కళాశాల ఉద్యోగం పోగొట్టుకుని, ముదునూరులో 1940లో కేంద్రం పెట్టి, 1947లో దాన్ని ఇక్కడికి తెచ్చిన మనిషి ఆయన. నేను నాస్తికురాలిని కాను, ఈ గొడవంతా నా కార్తీక దీపాల దగ్గరే మొదలైంది. అయినా ఆ వీధిలో నడిచినప్పుడల్లా, నలుగురూ కాదన్నదాన్ని ఆయన రోజూ ఎలా మోశారో అనుకుంటాను. కానీ వికర్ణులూ గోరాలూ ఊరికి ఎందరుంటారు? మన సమావేశంలో ఒక నిజం బయటికి రావాలంటే ఎవరో ఒకరు అంతటి మనిషి కావాలన్న నియమం పెట్టుకుంటే, మన సెల్లారులో నిజం ఎప్పటికీ బయటికి రాదు. ఉన్నది నాలాంటివారమే. బి.పి. మాత్రలు వేసుకునేవారం, ఎదురింటివారితో పులిహోర ఇచ్చిపుచ్చుకునేవారం. మాలాంటివారి నోట కూడా నిజం వచ్చేలా అడగండి. నా విన్నపం అదే.

ఎలా అడగాలో ఆష్ ప్రయోగంలోనే ఉంది. జవాబు నోటితో కాక కాగితం మీద రాసిమ్మన్నప్పుడు గుంపుకు లొంగడం బాగా తగ్గింది. గుంపులో ఒక్కరు నిజం చెప్పినా చాలు, లొంగుబాటు దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. మనం ఎమ్మెల్యేను ఎన్నుకునేటప్పుడు అట్టముక్కల చాటుకు వెళ్లి మీట నొక్కుతాం. ఆ చాటు ఊరికే రాలేదు. బ్రిటన్‌లో 1872 దాకా పార్లమెంటు ఎన్నికల్లో ఎవరు ఎవరికి ఓటు వేశారో అందరికీ తెలిసిపోయేది. కౌలుదారు ఓటు భూస్వామి కళ్ల ముందే పడేది. ఆ ఏడాది రహస్య ఓటు చట్టం వచ్చాకే ఆ చూపు తప్పింది. మనది, ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రోత్సాహకంగా డబ్బిచ్చే రాష్ట్రం కూడా. ఏకగ్రీవమంటే మనకు అంత ముచ్చట. ఊరు గొడవ పడకూడదన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. అక్కడ ఎందరు గొంతులో మాట మింగారో ఆ నగదు లెక్కలో మాత్రం కనిపించదు.

కాబట్టి, ఇకపై ఒక మనిషి కూడు తీసే తీర్మానం ఏదైనా చేతులెత్తించి చేయకండి, అభ్యంతరముంటే చెప్పమని అడిగి ఊరుకోకండి. చీటీలు ఇవ్వండి. పేరు అక్కరలేదు, అవును, కాదు, ఇంకా తెలియాలి అన్న మూడింటిలో ఏదో ఒకటి. ‘ఇంకా తెలియాలి’ అన్న చీటీ తప్పకుండా ఉండాలి. ఆ రోజు చాలామంది మనసులో ఉన్నది అదే. అది అనడానికి మన దగ్గర మాట లేకపోయింది. కోపం వేడి మీద ఉన్న రోజున చర్చించండి, తీర్మానం మాత్రం రెండు రోజులాగి చేయండి. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి సమావేశంలో ఉంటే అతనికీ ఒక కుర్చీ వేయండి. ఆ రోజు అందరం కూర్చున్నాం, అతనొక్కడే లిఫ్టు పక్కన నిలబడ్డాడు. నేను దాన్ని గమనించింది కూడా ఇంటికి వచ్చాకే. దొంగతనమైతే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, నేను వాంగ్మూలం ఇస్తాను. ఫిర్యాదు ఇస్తే అనవసరంగా పేరుపోతుందని ఆ రోజు అనుకున్నాం. పేరు ఎవరిది పోయిందో చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ నుంచి మన బంధువులు తడిబట్టలతో వచ్చి మన ఇళ్లలో తలదాచుకున్నారు. మోటారు ఆగిపోయిన ఆ రోజుల్లో అయిదు అంతస్తులకూ నీళ్ల క్యాన్లు భుజం మీద మోసింది అతనే. అప్పుడు గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు ఎన్ని పెట్టామో. ఇప్పుడు అతనికి అక్టోబరు జీతం కూడా ఇవ్వలేదు. ప్రతి నెలా అయిదో తారీకున ఇచ్చేది, అతను మూడో తారీకు పొద్దున్నే ఆటోలో సామాను వేసుకుని వెళ్లిపోయాడు. ఏ తీర్మానమూ దాన్ని ఆపమనలేదు, ఎవరికీ గుర్తు రాలేదంతే. అది మన మెయింటెనెన్సు డబ్బులోంచి ఇవ్వవలసిన బాకీ, దయ కాదు. వాళ్లమ్మాయి మునిసిపల్ స్కూల్లో తొమ్మిదో తరగతి. సంవత్సరం మధ్యలో చదువు ఆగిపోయింది.

మొన్న అతనికి ఫోన్ చేశాను. విజయనగరం అవతల వాళ్ల ఊళ్లో ఉన్నాడు. క్షమించమని అడిగాను. ‘అయ్యో, మీరేం చేశారమ్మా’ అన్నాడు. నేనేమీ చేయలేదు, సరిగ్గా అందుకే అడుగుతున్నానని అనబోయి మళ్లీ ఊరుకున్నాను. గంగాళం ఎవరైనా తిరిగి అటక మీద పెట్టారా అని అడిగాడు. లేదు, అది ఇంకా హాల్లోనే ఉంది.

నాలుగో అంతస్తు అమ్మాయికి ఒక మాట. ఈ ఉత్తరం బయటికి ఇవ్వకముందు నీ దగ్గరికే వచ్చి చదివి వినిపించాను. నువ్వు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి నాకు మజ్జిగ తెచ్చిచ్చావు. అది ఒప్పుకోలు అని నేను రాసుకోలేదు. నీ మాట నువ్వే చెప్పు, చీటీ మీదనైనా సరే.

వచ్చే ఆదివారం పదింటికి సమావేశమని నోటీసు బోర్డు మీద చూశాను. చీటీలు నేను కత్తిరించి తెస్తాను. బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీగా ఉంది, మూతకు కన్నం పెట్టించాను. మొదటి అంశంగా ఆ పాత తీర్మానాన్నే తీసుకోండి. అక్టోబరు జీతం అంతవరకు ఆగనక్కరలేదు, ఈలోపే పంపేయండి. అతని ఖాతా నంబరు కార్యదర్శిగారి దగ్గర ఉంది.

ఇట్లు,
మూడో అంతస్తులోని విశ్రాంత అధ్యాపకురాలు